పాట, కాగితం, నేల: రేనాటి వీరుడి కథ వెనుక పరిశోధన

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద చేసిన దాడి మన దాకా మూడు రూపాల్లో వచ్చింది. ముందు పాటగా వచ్చింది, ఆ తర్వాత పరిశోధన గ్రంథంగా, చివరికి 2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ సినిమాగా. అంతకుముందు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు రాయలసీమ దాటితే పెద్దగా వినబడేది కాదు. ఆ సినిమా ఐదు భాషల్లో విడుదలయ్యాక ఆయన సొంత సీమ రేనాడు ఎక్కడుందో తెలియనివాళ్లకూ ఆ పేరు తెలిసింది. చిరంజీవి నటన గురించీ, సురేందర్ రెడ్డి దర్శకత్వం గురించీ, రత్నవేలు కెమెరా గురించీ చాలామంది చాలా రాశారు. నేను మెచ్చుకోదలచింది మరో పనితనాన్ని. తెరమీద ఎక్కడా కనబడని పరిశోధన అది. దాన్ని ఎవరు ఎలా చేస్తారు, ఎందుకు అంత కష్టం, అందులో అందం ఎక్కడుంది అన్నది ఈ వ్యాసం విషయం.

మీడియా కోర్సుల్లో పరిశోధనను కొన్ని రకాలుగా విడదీసి చెబుతారు. మనమే వెళ్లి సేకరించేది ప్రాథమిక పరిశోధన. ఎవరో సేకరించి రాసిపెట్టినదాన్ని చదివి తీసుకునేది ద్వితీయ పరిశోధన. ఎందుకు చేస్తున్నామన్న దాన్ని బట్టి మళ్లీ మూడు: కథలోని విషయం కోసం, నిర్మాణం సాఫీగా సాగడం కోసం, చూసేవాళ్లు ఎవరో తెలుసుకోవడం కోసం. వీటిలో అంకెలతో తేలేవి కొన్ని, మనుషుల మాటల్లో మాత్రమే దొరికేవి కొన్ని. పాఠ్యపుస్తకంలో ఈ విభజన పొడిపొడిగా ఉంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ నేల మీద పెట్టి చూస్తే మాత్రం ప్రతి రకానికీ ప్రాణం వస్తుంది.

పాట ఇచ్చే సాక్ష్యం

నరసింహారెడ్డి తిరుగుబాటు కాలంలో రేనాటి పల్లెలకు వార్తాపత్రికలు లేవు. వార్తను ఊరూరా మోసింది పాటే. జానపదులు పాడుకున్న ఆ వీరగాథ పల్లవిలోని పిలుపే చివరికి సినిమాకు పేరైంది. కాబట్టి ఈ కథకు మొదటి పరిశోధకులు పాడినవాళ్లే అనుకోవచ్చు. జరిగింది విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, మరొకరికి అందించారు.

ఇలాంటి పాటలను కాగితం మీదికి తెచ్చే పని 19వ శతాబ్దిలోనే మొదలైంది. జె.ఎ. బాయల్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. సర్వాయి పాపడి పాట అందులో ఉంది. 20వ శతాబ్దిలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, విశ్వవిద్యాలయాల్లో ఈ పనికి గౌరవం తెచ్చారు. వీరగాథలనే ప్రత్యేకంగా పట్టుకుని ‘తెలుగు వీరగాథా కవిత్వము’ రాసినవారు తంగిరాల వెంకట సుబ్బారావు గారు. ఆయనదే ‘రేనాటి సూర్యచంద్రులు’. ఒకే ఊరి ఇద్దరు మనుషుల కథ అది. కుంపిణీ మీద కత్తి దూసిన నరసింహారెడ్డి అందులో సూర్యుడు. 1866 కరువులో వేలమంది ఆకలి తీర్చిన బుడ్డా వెంగళరెడ్డి చంద్రుడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడంలోనే ఒక చూపు ఉంది. ఒక ప్రాంతం తన పాటల్లో ఎవరిని దాచుకుంటుందో చూస్తే ఆ ప్రాంతం దేనికి విలువ ఇస్తుందో తెలుస్తుంది. ఉయ్యాలవాడ తెగువనూ దాచుకుంది, దయనూ దాచుకుంది.

పాటను సాక్ష్యంగా తీసుకోవడం తేలిక పని కాదు. పాటలో సైన్యం సంఖ్య పెరుగుతుంది, కత్తి పొడవు పెరుగుతుంది, శత్రువు మరింత క్రూరుడవుతాడు. అలాగని పాటంతా అబద్ధం అని తోసేస్తే అంతకన్నా పెద్ద పొరపాటు. ఊళ్ల పేర్లు, దారులు, వెంట నడిచినవాళ్ల పేర్లు, ఎవరు నమ్మకంగా ఉన్నారు, ఎవరు పట్టించారు అన్న లోకుల అభిప్రాయం పాటలో గట్టిగా నిలుస్తాయి. వడ్డె ఓబన్న లాంటి అనుచరులను సర్కారు కాగితం నేరస్తులుగా చూస్తుంది. జనం నోట వాళ్లు వీరులు. ఆ కాగితం ఒక్కటే మిగిలి ఉంటే ఓబన్న మనకు ఇలా తెలిసేవాడు కాదు.

మంచి సేకర్త ఇక్కడే తెలుస్తాడు. ఎవరు పాడారు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో పాడతారు అన్నది పాటతో పాటే రాసుకుంటాడు. ఇద్దరు పాడినదాంట్లో తేడా ఉంటే ఒకదాన్ని కొట్టేయడు, రెండూ ఉంచుతాడు. అన్ని పాఠాల్లోనూ మారకుండా వచ్చేది కథకు వెన్నెముక. మారుతూ వచ్చేది ఆయా ఊళ్ల సొంత చేర్పు. సినిమా రచయితకు ఆ రెండూ కావాలి. వెన్నెముకతో కథ నిలబడుతుంది, ఊళ్ల చేర్పులతో సన్నివేశాలు పుడతాయి.

జ్ఞాపకం ఎంత దూరం ప్రయాణిస్తుందో కూడా లెక్క వేసుకోవాలి. నరసింహారెడ్డిని ఉరితీశాక ఆయన తలను 1877 దాకా కోట మీద వేలాడదీసి ఉంచారు. అంటే 30 ఏళ్లు. 1877లో పదేళ్ల పిల్లవాడు 1940 నాటికి 73 ఏళ్ల ముసలివాడు. అతని నోట విన్న మనవడు 1990లలో కూడా బతికి ఉండొచ్చు. రెండే రెండు నోళ్లు దాటి ఒక కంటి సాక్ష్యం మన కాలం అంచు దాకా రాగలదు. అందుకే ముసలివాళ్లతో మాట్లాడటాన్ని వాయిదా వేయకూడదని మౌఖిక చరిత్ర చదివినవాళ్లు పదేపదే చెబుతారు.

కాగితం చెప్పే నిజం

ఇప్పుడు రెండో సాక్షి దగ్గరికి వద్దాం. కోయిలకుంట్ల ఇవాళ నంద్యాల జిల్లాలో ఉంది. ఈ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు అది కర్నూలు జిల్లా. కాబట్టి 1846 నాటి రికార్డుల కోసం కర్నూలు జిల్లా కాగితాలు వెతకాలని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడికి వెళితే పెద్దగా ఏమీ దొరకదు. 1800లో నిజాం కుంపిణీకి దత్తం చేసిన ప్రాంతంలో భాగంగా కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లా కింద ఉండేది. కర్నూలు నవాబు రాజ్యాన్ని కుంపిణీ 1839లో కలుపుకుంది. కోయిలకుంట్ల లాంటి తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరింది 1858లో. నరసింహారెడ్డి వ్యవహారం నడిపింది కడప కలెక్టర్ కాక్రేన్ కావడానికి కారణం ఇదే. జిల్లా ఎల్లల చరిత్ర తెలియని పరిశోధకుడు నెలల తరబడి వేరే అలమర ముందు కూర్చుంటాడు. తెలిసినవాడు కడప జిల్లా ఉత్తరాల కట్టలు అడుగుతాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలున్న చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లోనో వాటి జాడ తీస్తాడు. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్‌నూ, 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్‌నూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడు.

కాగితాన్ని ఎలా చదవాలో చూడటానికి ఒక చిన్న లెక్కను దగ్గరగా పరిశీలిద్దాం. నరసింహారెడ్డికి కుంపిణీ ఇచ్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు అని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఇంత విచిత్రమైన మొత్తాన్ని ఎవరూ ఊహించి రాయరు. పాట అయితే పది అనో పన్నెండు అనో పాడుతుంది. ఈ అంకె ఏదో లెడ్జరు నుంచి వచ్చి ఉండాలి. సరిచూద్దాం. ఉయ్యాలవాడ కుటుంబానికి వచ్చే 70 రూపాయల భరణం అన్నదమ్ముల మధ్య రెండు సగాలైంది. ఒక సగం, అంటే 35 రూపాయలు, తర్వాతి తరంలో ముగ్గురి మధ్య పంపకమైంది. 35ను మూడుతో భాగిస్తే ఒక్కొక్కరికి 11 రూపాయలు, మిగిలేవి 2 రూపాయలు. రూపాయికి 16 అణాల లెక్కన అవి 32 అణాలు. మూడుతో భాగిస్తే 10 అణాలు, మిగిలేవి 2 అణాలు. అణాకు 12 పైల లెక్కన 24 పైలు. మూడుతో భాగిస్తే సరిగ్గా 8. ఒక్క పై కూడా తేడా లేదు.

నాకు ఈ లెక్క ఎంతో ఇష్టం. ఇందులో ఒక కుటుంబం మూడు తరాల పతనం ఉంది. ఒకనాడు కోటలు ఏలినవాళ్ల వాటా, పంచుకోగా పంచుకోగా, పైల దాకా దిగింది. నొస్సంలో తల్లివైపు తాతగారి భరణం కూడా ఆయన పోయాక రద్దయింది. ఆ మిగిలిన కొద్ది డబ్బు కోసం పంపిన మనిషికి కోయిలకుంట్ల తహసీలు కచేరీలో అవమానం జరిగిందని కథ. 11 రూపాయల కోసం ఎవరూ సామ్రాజ్యంతో యుద్ధానికి దిగరు. మర్యాద కోసం దిగుతారు. సన్నివేశం రాసే రచయితకు ఆ కోపం ఎంత లోతైనదో ఈ చిన్న అంకె చెబుతుంది.

రెండో పరీక్ష తేదీది. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22, సోమవారం ఉదయం 7 గంటలకు, రెండువేల మందికి పైగా జనం చూస్తుండగా ఉరితీశారని రాశారు. పాత పంచాంగం చూసినా, లెక్క కట్టినా ఆ రోజు సోమవారమే. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. కానీ తేదీ, వారం పొసగకపోతే రెండింటిలో ఏదో ఒకటి తప్పు అని అర్థం. పొసిగితే, రాసినవాడు ఆ నాటి కాగితాన్ని చూసే రాశాడన్న నమ్మకం పెరుగుతుంది. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఐదు నిమిషాలు. నిర్మాణంలో ఇంత చవగ్గా దొరికే భరోసా మరొకటి లేదు.

నేల మీది లెక్క

మూడో సాక్షి నేల. ఇది నిర్మాణ పరిశోధన రంగం. లొకేషన్లు చూడటం, రవాణా, అనుమతులు, వాతావరణం, ఖర్చు అన్నీ ఇందులోకే వస్తాయి. అయితే నేల కేవలం లొకేషన్ కాదు, అది కూడా ఒక రికార్డే.

ఇవాళ నంద్యాల చుట్టూ కనుచూపు మేర వరి మళ్లు కనిపిస్తాయి. నంద్యాల సోనామసూరి బియ్యానికి ఎంతో పేరు. 1846 కథ తీసే యూనిట్ ఆ పచ్చటి మళ్ల మధ్య గుర్రాలను పరిగెత్తిస్తే చూడటానికి బాగుంటుంది కానీ అది తప్పు. ఆ నీళ్లు తెచ్చిన కర్నూలు–కడప కాలువ తవ్వకం మొదలైంది 1863లో. తిరుగుబాటు నాటికి ఆ కాలువ లేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి లాంటి మెట్టపైర్లే ఎక్కువ. కెమెరా పెట్టే చోటు మారాలి, రంగులు మారాలి, పొలంలో మనుషులు చేసే పని మారాలి. అప్పటికి ఈ ప్రాంతానికి రైలు రాలేదు కాబట్టి దూరంగా కనబడే రైలు కట్ట కూడా ఫ్రేములోకి రాకూడదు. ఒక కాలువ పుట్టిన సంవత్సరం తెలియడం వల్ల ఛాయాగ్రాహకుడికీ, కళా దర్శకుడికీ, దుస్తులు చూసేవాళ్లకూ ఒకేసారి దారి దొరుకుతుంది. విషయ పరిశోధన, నిర్మాణ పరిశోధన కలిసేది ఇక్కడే.

నల్లరేగడి మరో పాఠం కూడా నేర్పుతుంది. వాన పడితే ఆ నేలలో అడుగు తీసి అడుగు వేయడం కష్టం, జనరేటర్ వ్యాను కదలదు. ఖజానా మీద దాడి జరిగింది జులైలో, అంటే వానాకాలంలో. ఆ మట్టిలో రాత్రిపూట మనుషులూ గుర్రాలూ ఎలా కదిలి ఉంటారో ఆలోచిస్తే ఆ దాడి తెగువ మరింత తెలుస్తుంది. షూటింగ్ మాత్రం ఆ నెలలో పెట్టుకోకూడదని కూడా తెలుస్తుంది. ఇక అహోబిలం వైపు నల్లమలలో తీయాలంటే అటవీశాఖ అనుమతులు ముందే చూసుకోవాలి. ‘సైరా’ బృందం హైదరాబాద్ శివారు కోకాపేటలో భారీ సెట్టు వేసి, యుద్ధ సన్నివేశాలకు జార్జియా వెళ్లింది. అంత పెద్ద యూనిట్‌కు అది అవసరమే. చిన్న బడ్జెట్‌తో తీసేవాళ్లకు మాత్రం కథ జరిగిన రూపనగుడి, నొస్సం, పేరుసోముల కొండలే సెట్లు.

చరిత్ర కథలకే కాదు, ఆళ్లగడ్డ రాతి శిల్పుల మీద డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్లకు ఈ నిర్మాణ పరిశోధన ఇంకా బాగా అక్కరకొస్తుంది. శిల్పశాలకు కెమెరా లేకుండా ముందు వెళ్లి కూర్చోవాలి. కోత యంత్రం ఎప్పుడు నడుస్తుంది, ఉలి ఎప్పుడు చేతికి వస్తుంది, కళ్లు చెక్కే పని ఎవరికి అప్పగిస్తారు అన్నది గమనించాలి. యంత్రం నడుస్తుండగా ఇంటర్వ్యూ పెట్టుకుంటే మాట వినబడదు. రాతిపొడి లెన్సు మీద పడుతుంది. శిల్పి రాయిని సుత్తితో తట్టి, మోత ఖంగుమంటే తీసుకుంటాడు, బొంగురుగా వస్తే లోపల పగులుందని పక్కన పెడతాడు. పరిశోధకుడు తనకు దొరికిన ప్రతి సమాచారంతో చేయాల్సిన పని కూడా అదే.

చూసేవాళ్లు ఎవరు

నాలుగో సాక్షి ప్రేక్షకులు. చాలామంది నిర్మాతలు ప్రేక్షకుల పరిశోధన అంటే వసూళ్ల అంచనా అనుకుంటారు. అది అంతకన్నా పెద్ద పని. మన దేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో, దూరదర్శన్ కలిసి ‘సైట్’ అనే ప్రయోగం నడిపాయి. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపాయి. ఆ పల్లెల్లో ఎంతమంది చూశారు, ఏం అర్థమైంది అన్నది సర్వేల ద్వారా అంకెల్లో తేల్చారు. దాంతో ఆగకుండా మానవశాస్త్ర పరిశోధకులను కొన్ని పల్లెల్లో కాపురం ఉంచారు. టీవీ ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు మధ్యలో లేచి వెళ్లిపోతారు, ఇంటికెళ్లి ఏం మాట్లాడుకుంటారు అన్నది సర్వే ఫారానికి అందదు. పక్కన కూర్చున్న మనిషికి అందుతుంది. అంకెలూ కావాలి, మనిషీ కావాలి అన్న పాఠం అర్ధ శతాబ్దం కిందటే మన పల్లెల్లో రుజువైంది.

‘సైరా’లో ప్రేక్షకుల గురించిన ఆలోచన తెరమీదే కనిపిస్తుంది. తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడేవాళ్లకు రేనాటి కథ చెప్పాలి. అందుకే అమితాబ్ బచ్చన్, సుదీప్, విజయ్ సేతుపతి, నయనతార తారాగణంలోకి వచ్చారు. కథను ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు చెబుతున్నట్టు మొదలుపెట్టారు. ఇది రచయితల కల్పన. కానీ ఊరికే చేసిన కల్పన కాదు. దేశమంతటికీ తెలిసిన 1857 నుంచి, దానికి పదేళ్ల ముందే జరిగిన, బయట ఎవరికీ తెలియని పోరాటానికి వేసిన వంతెన అది. కాలక్రమం తెలిసినవాళ్లే ఆ వంతెన వేయగలరు.

తెలిసి కల్పించడం

పరుచూరి సోదరులు ఈ కథను సినిమాగా చూడాలని ఏళ్ల తరబడి మోశారు. సురేందర్ రెడ్డి దానికి స్క్రీన్‌ప్లే రాశారు, సాయిమాధవ్ బుర్రా మాటలు రాశారు. సినిమాలోని ప్రతి సన్నివేశమూ చరిత్రలో జరిగినట్టే ఉందా అని అడిగితే లేదు. సినిమా చరిత్ర పుస్తకం కాదు, అలా ఉండాలని కోరడం సరికాదు. కోరాల్సింది ఒక్కటే: ఎక్కడ కల్పిస్తున్నామో తీసేవాళ్లకు తెలియాలి. పాటలో ఉన్నది ఇది, కాగితంలో ఉన్నది ఇది, నేల చెప్పేది ఇది, మేము చేర్చింది ఇది అని నాలుగు గళ్లుగా రాసుకున్న పుస్తకం ఒకటి యూనిట్ దగ్గర ఉండాలి. ఆ పుస్తకం ఉన్నవాళ్ల కల్పనకు బలం ఉంటుంది. లేనివాళ్ల చేతిలో నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది.

ఈ నలుగురు సాక్షుల్లో ఎవరు గొప్ప అని అడిగితే నా తీర్పు స్పష్టం. ఏ ఒక్కరూ కాదు. పాట ఒక్కటే పట్టుకుంటే పొగడ్త మిగులుతుంది. కాగితం ఒక్కటే పట్టుకుంటే కుంపిణీ కన్నుతో మన మనిషిని చూస్తాం. నేల ఒక్కటే పట్టుకుంటే అందమైన బొమ్మలు వస్తాయి, కథ రాదు. ప్రేక్షకుల లెక్క ఒక్కటే పట్టుకుంటే అందరికీ తెలిసిన కథనే మళ్లీ తీస్తాం. ఒకరి మాటను మరొకరితో సరిచూసుకోవడమే పరిశోధనలోని పనితనం. తంగిరాల వారి లాంటి పండితులు జీవితాలు వెచ్చించి మొదటి సగం పని చేసి పెట్టారు. అందుకే రెండో సగం సినిమాకు సాధ్యమైంది.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పేరు నిలిచింది, సంతోషం. కానీ రేనాటిలో ఇంకా తెరకెక్కని కథలు ఎన్నో ఉన్నాయి. బుడ్డా వెంగళరెడ్డి దానం, కర్నూలు–కడప కాలువ తవ్విన కూలీల బతుకు, ఆళ్లగడ్డ శిల్పుల పని, నల్లమల చెంచుల అహోబిలం అన్నీ ఎదురుచూస్తున్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల కాలేజీల్లో చదువుతూ ఫోనుతోనే చిన్న సినిమాలు తీస్తున్న పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. స్క్రిప్టు రాసే ముందు మీ ఊళ్లో పాత పాట తెలిసిన పెద్దావిడ దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఆమె అనుమతి తీసుకుని పాటను మొత్తం రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకుందో రాసుకోండి. ఒక కాపీ ఆమె ఇంట్లోవాళ్లకు ఇవ్వండి, మరొకటి కాలేజీ గ్రంథాలయంలో భద్రపరచండి. మీ సినిమా ఆడినా ఆడకపోయినా ఆ రికార్డు తర్వాతి తరానికి పనికొస్తుంది. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.